కోపం పుట్టిన చోటు వేరు, పడిన చోటు వేరు: మన రక్షక తంత్రాలను గుర్తించి ఒత్తిడిని దించుకోవడం ఎలా?

టెట్‌కీ డీఎస్సీకీ చదివినవాళ్లకి రక్షక తంత్రాలు అనగానే బిట్లు గుర్తొస్తాయి. హేతుకరణం, ప్రక్షేపణం, విస్థాపనం, ప్రతిగమనం, దమనం... "అందని ద్రాక్ష పుల్లన" దేనికి ఉదాహరణో నిద్రలో లేపి అడిగినా చెబుతారు. మార్కులు పడతాయి. కానీ సాయంత్రం ఇంటికొచ్చి పిల్లల మీద అరుస్తున్నప్పుడు ఆ పాఠం ఒక్క ముక్క కూడా గుర్తురాదు. ఈ మార్గదర్శి ఆ సాయంత్రం కోసం రాస్తున్నది.

రక్షక తంత్రం అంటే ఏమిటో ముందు సూటిగా చెప్పుకుందాం. భయం, సిగ్గు, దుఃఖం, అపరాధ భావం లాంటివి భరించలేనంతగా ముంచుకొచ్చినప్పుడు, అవి మన ఎరుకలోకి పూర్తిగా రాకముందే మనసు వాటిని పక్కకి తప్పిస్తుంది. మనం పూనుకుని చేసే పని కాదది, దానంతట అదే జరిగిపోతుంది. సిగ్మండ్ ఫ్రాయిడ్ 1894లోనే దీని గురించి రాశారు. ఆయన కూతురు ఆనా ఫ్రాయిడ్ 1936లో, తండ్రి ఎనభయ్యో పుట్టినరోజుకి కానుకగా ఇచ్చిన పుస్తకంలో ఈ తంత్రాలన్నిటినీ ఒకచోట చేర్చి వివరించారు. ఫ్రాయిడ్ చెప్పినవాటిలో చాలా సంగతులు తర్వాతి కాలంలో నిలవలేదు గానీ ఇది నిలిచింది.

నిలవడానికి జార్జ్ వెయిలెంట్ అనే మానసిక వైద్యుడి పని పెద్ద కారణం. అమెరికాలో 1938లో హార్వర్డ్ విద్యార్థులతో మొదలుపెట్టి, మొత్తం 268 మందిని ముసలితనం దాకా గమనిస్తూ వచ్చిన అధ్యయనాన్ని ఆయన దశాబ్దాలపాటు నడిపారు. రక్షక తంత్రాలన్నీ ఒకే స్థాయివి కావనీ, వాటిలో మెట్లున్నాయనీ చూపించారు. అట్టడుగున వాస్తవాన్నే తారుమారు చేసేసేవి. దాని పైన, నెపం ఎదుటివాళ్ల మీదికి నెట్టేసే ప్రక్షేపణం లాంటివి. ఆ పైన మనందరిలో రోజూ కనిపించేవి: ఒకరి మీది కోపాన్ని ఇంకొకరి మీద చూపే విస్థాపనం, బాధని తాకకుండా లెక్కల్లో, సమాచారంలో మునిగిపోయే మేధోకరణం వంటివి. పై మెట్టు మీద హాస్యం, పరోపకారం, కోపం లాంటివాటిని పనికొచ్చే పనిలోకి మళ్లించే ఉదాత్తీకరణం, ముందుచూపు, తెలిసి వాయిదా వేయడం. నడివయసులో పై మెట్టు తంత్రాలు ఎక్కువగా వాడినవాళ్లకి కుటుంబ జీవితం, ఉద్యోగం, వృద్ధాప్యం మెరుగ్గా సాగాయి. బోస్టన్ పేదవాడల్లో పెరిగిన 456 మంది మీద జరిగిన సమాంతర అధ్యయనంలోనూ ఇదే కనబడింది. అంటే పై మెట్టు చదువుకున్నవాళ్ల సొత్తూ కాదు, డబ్బున్నవాళ్ల సొత్తూ కాదు. ఈ రెండు అధ్యయనాల్లోనూ ఉన్నవాళ్లు మగవాళ్లేనన్న సంగతి మాత్రం మరిచిపోకూడదు.

నేను చెప్పదలుచుకున్నదీ ఇక్కడే ఉంది. రక్షక తంత్రాన్ని బద్దలు కొట్టక్కర్లేదు. దాని పక్కనే, ఒక మెట్టు పైన, అదే పనిని తక్కువ నష్టంతో చేసేది ఇంకొకటి ఉంటుంది. అక్కడికి జరగాలి. ఎలా జరగాలో వరసగా చూద్దాం.

మొదటి అడుగు: ముందు ఒంటిని శాంతపరచండి

కోపంలోనో కంగారులోనో ఉన్నప్పుడు ఆత్మపరిశీలన మొదలుపెట్టకండి. అడ్రినలిన్ ఎక్కి, గుండె దడదడలాడి, దవడ బిగుసుకున్నప్పుడు బుర్రకి తోచేవన్నీ మనల్ని సమర్థించే వాదనలే. నాలుగు అంకెలు లెక్కపెట్టేంతసేపు ఊపిరి పీల్చండి, ఆరు లెక్కపెట్టేంతసేపు వదలండి. నిమిషానికి దాదాపు ఆరు శ్వాసలవుతాయి. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం సహజంగానే కాస్త తగ్గుతుంది, అందుకే వదలడం ఎక్కువసేపు ఉండాలి. ఐదు నిమిషాలు చాలు. నైట్ షిఫ్ట్ చేసి నిద్రలేకుండా ఉన్నవాళ్లయితే ఇదంతా పక్కనపెట్టి ముందు పడుకోండి.

రెండో అడుగు: నాలుగు వాక్యాలు రాయండి

ఒక చిన్న నోటుపుస్తకం చాలు. ఫోనులో కన్నా కాగితం మీద మంచిదని నా అభిప్రాయం, మధ్యలో వాట్సాప్ మోగదు. ఏ సంఘటన రాయాలో తెలియడానికి మూడు గుర్తులున్నాయి. జరిగినదానికన్నా మన స్పందన చాలా పెద్దదిగా ఉండటం ఒకటి. జరిగినదానికన్నా చాలా చిన్నదిగా ఉండటం రెండోది. నాన్నకి బయాప్సీ చెయ్యాలని డాక్టరు చెబితే, ఏమీ అనిపించకుండా ఆసుపత్రి ప్యాకేజీల ధరలు పోల్చుకుంటూ కూర్చోవడం అలాంటిదే. ఎవరూ అడక్కపోయినా పదేపదే సంజాయిషీ ఇచ్చుకోవడం మూడోది.

ఒక ఉపాధ్యాయురాలి రోజు తీసుకుందాం. పొద్దున స్టాఫ్ రూములో అందరి ముందూ హెడ్మాస్టరు "రిజిస్టర్ రాయడం కూడా నేర్పాలా మేడమ్ మీకు?" అన్నారు. "సారీ సర్, ఇప్పుడే రాసేస్తాను" అని ఆవిడ కూర్చున్నారు. రోజంతా పాఠాలు మామూలుగానే చెప్పారు. సాయంత్రం ఇంటికొచ్చి కొడుకు లంచ్ బాక్స్ తెరిస్తే దొండకాయ కూర సగం అలాగే ఉంది. "పొద్దున్నే ఐదింటికి లేచి చచ్చీచెడీ వండేది ఇందుకా?" అంటూ బాక్సు సింకులోకి విసిరారు. మూత పగిలింది. వాడు టీవీ కట్టేసి, చప్పుడు చెయ్యకుండా గదిలోకి వెళ్లిపోయాడు.

ఆవిడ రాయాల్సిన నాలుగు వాక్యాలు ఇవి. జరిగిందేమిటి: కూర సగం మిగిలింది. నేనేం చేశాను: అరిచాను, బాక్సు విసిరాను. నాకు నేను చెప్పుకున్న కారణం: వాడికి తిండి విలువ తెలియాలి. ఆ కారణం చెప్పుకోకపోయి ఉంటే నాకేమనిపించేది?

నాలుగోదాని దగ్గర అందరూ ఆగిపోతారు. వెంటనే రాకపోతే ఖాళీగా వదిలేయండి. గిన్నెలు తోముతున్నప్పుడో బస్సులో కిటికీ పక్కన కూర్చున్నప్పుడో హఠాత్తుగా వస్తుంది: "అందరి ముందూ నా పరువు తీశారు. ఒక్క మాట కూడా తిరిగి అనలేకపోయాను." అది వచ్చాక సగం పని అయినట్టే.

మరీ పెద్ద బాధయితే నాలుగు వాక్యాలు సరిపోవు. 1986లో అమెరికాలో మనస్తత్వవేత్త జేమ్స్ పెన్నెబేకర్, ఆయన సహ పరిశోధకురాలు చేసిన ప్రయోగంలో విద్యార్థులు తమ జీవితంలోని చేదు అనుభవాల గురించి రోజుకి 15 నిమిషాల చొప్పున వరసగా నాలుగు రోజులు రాశారు. ఏం జరిగిందో, ఏమనిపించిందో రెండూ కలిపి రాసినవాళ్లు తర్వాతి నెలల్లో కాలేజీ ఆరోగ్య కేంద్రానికి వెళ్లడం తగ్గింది. రాసిన వెంటనే మాత్రం వాళ్లకి మనసు ఇంకా బరువెక్కింది. అది ముందే తెలిసి ఉంటే భయపడి మధ్యలో ఆపెయ్యరు. పడుకోబోయే ముందు రాయకండి.

మూడో అడుగు: అది ఏ తంత్రమో పోల్చుకోండి

లంచ్ బాక్స్ సంగతి విస్థాపనం. అత్త మీద కోపం దుత్త మీద చూపడమని మన ఇళ్లలో ఎప్పట్నుంచో అంటున్నదే. ఇందులో గమనించాల్సింది ఒకటుంది, ఈ కోపం ఎప్పుడూ కిందికే జారుతుంది. తిరిగి ఏమీ అనలేనివాళ్ల మీద, పిల్లల మీద, పనిమనిషి మీద, డెలివరీ కుర్రాడి మీద పడుతుంది. మీది విస్థాపనం అవునో కాదో తేల్చుకోవడానికి ఒక్క ప్రశ్న వేసుకోండి: ఇదే పని మా పై అధికారి చేసి ఉంటే ఇలాగే అరిచేదాన్నా?

నిరాకరణ, అంటే కళ్లెదుట ఉన్న నిజాన్నే లేదనుకోవడం, ఇంకోరకం. ఒకాయనకి షుగరు పరీక్షలో హెచ్‌బీఏ1సీ 9 దాటి వచ్చింది. 6.5 వచ్చినా మధుమేహం అంటారు, అదీ మూడు నెలల సగటుని చూపించే పరీక్ష. ఆయన ఆ కాగితాన్ని బీరువాలో ఎల్ఐసీ బాండ్ల అడుగున పెట్టారు. ఇంట్లో ఎవరన్నా ఎత్తితే "ఆ ల్యాబు వాళ్లు అందరికీ అలాగే ఇస్తారు" అంటారు. ఇంకొంచెం గట్టిగా అడిగితే "మా నాన్న డెబ్బై ఏళ్లు బెల్లం జిలేబీ తిన్నాడు, ఏమైంది?" అంటారు. మొదటిది నిరాకరణ. రెండోది దానికి కాపలా కాసే హేతుకరణం, అంటే సబబుగా వినిపించే సాకు. ఈ రెండూ చాలాసార్లు జంటగానే తిరుగుతాయి. నిరాకరణని పట్టించేది ఒక మాట: తేదీ లేని "తర్వాత చూద్దాం".

నాకు అన్నిటికన్నా ఎక్కువ దిగులు కలిగించేది మేధోకరణం, ఎందుకంటే దాన్ని అందరూ మెచ్చుకుంటారు. కరీంనగర్‌లో తండ్రికి పక్షవాతం వచ్చింది, కొడుకు డాలస్‌లో ఉన్నాడు. రాత్రంతా కూర్చుని వైద్య పత్రాలు చదివాడు. మందులు, రక్తపోటు అంకెలు, ఫిజియోథెరపీ గంటలు అన్నీ ఎక్సెల్ షీటులో పెట్టాడు. ఫోనులో డాక్టరుతో డాక్టరులాగే మాట్లాడుతున్నాడు. "ఎంత ధైర్యంగా ఉన్నాడో" అంటారు చుట్టాలు. ఆ షీటు పనికిమాలినది కాదు, తండ్రికి నిజంగానే ఉపయోగపడుతుంది. కానీ మూడు వారాల తర్వాత ఆ అబ్బాయికి నిద్ర పట్టదు, కడుపులో మంట, భార్య ఏమడిగినా విసుగు. "నాన్న పోతాడేమోనని భయంగా ఉంది" అనే ఒక్క వాక్యం అతని నోట ఎప్పుడూ రాలేదు.

ప్రక్షేపణం గురించి క్లుప్తంగా చెబుతాను. మనలో ఉన్న భావాన్ని ఎదుటివాళ్లలో చూడటం. మన మీద మనకే నమ్మకం లేనప్పుడు "ఆఫీసులో ఎవరికీ నా మీద నమ్మకం లేదు" అనిపిస్తుంది. నిజంగానే లేకపోవచ్చు కూడా, అందుకే ఊహించుకోకుండా ఒకరిని అడిగి చూడాలి.

ప్రతిచర్యా నిర్మితి, అంటే లోపలున్న భావానికి సరిగ్గా ఎదురుగా ప్రవర్తించడం గురించి మాత్రం కాస్త ఆగి మాట్లాడాలి, ఇది మన ఇళ్లలో ముఖ్యంగా ఆడవాళ్ల మీద పడే బరువు. మంచాన పడిన అత్తగారికి రెండేళ్లుగా సేవ చేస్తున్న కోడలు. విసుగు, కోపం, "ఇంకెన్నాళ్లు" అన్న ఆలోచన రావడం మనిషికి సహజం. ఆ ఆలోచన వచ్చిందన్న భయంతో సేవ రెట్టింపు చేస్తుంది. ఆడపడుచు "ఒక వారం మా ఇంటికి తీసుకెళ్తాను వదినా" అంటే కూడా ఒప్పుకోదు, "నేను చూసుకుంటాలే, నీకెందుకు శ్రమ" అంటుంది. ప్రేమ ఉంది, అబద్ధం కాదు. దాని పక్కనే అలసట కూడా ఉంది, ఆ రెండోదానికి ఇంట్లో చోటు లేదు. అలసిపోయానని చెప్పడం పాపం కాదని ఆమెకి ఎవరో ఒకరు చెప్పాలి.

నాలుగో అడుగు: అది దేన్నుంచి కాపాడుతోందో అడగండి

పేరు తెలియగానే దాన్ని పీకి పారెయ్యాలనిపిస్తుంది. వద్దు. చావింట్లో ఒక్క కన్నీటి చుక్క లేకుండా వచ్చినవాళ్లకి కుర్చీలు వేస్తూ, పురోహితుడితో లెక్కలు మాట్లాడుతూ తిరిగే మనిషి ఉంటాడు. ఆ నాలుగు రోజులు అతన్ని నిలబెట్టేది ఆ మొద్దుబారడమే. గుండెపోటు రోగుల మీద జరిగిన పరిశోధనల్లోనూ ఇలాంటిదే తేలింది. ఆసుపత్రిలో ఉన్న మొదటి రోజుల్లో కొంత నిరాకరణ ఉన్నవాళ్లు తక్కువ ఆందోళనతో గడిపారు. అదే నిరాకరణ ఇంటికొచ్చాక కొనసాగితే మందులు మానెయ్యడం, జాగ్రత్తలు వదిలెయ్యడం దాకా వెళ్లింది.

కాబట్టి అడగాల్సింది రెండే: దీనివల్ల నేను దేన్నుంచి తప్పించుకుంటున్నాను? ఈ రక్షణకి ఇప్పుడు మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు? బీరువాలో కాగితం వల్ల ఆయన కళ్లు, కిడ్నీలు చెల్లిస్తున్నాయి. లంచ్ బాక్స్ వల్ల పదేళ్ల పిల్లాడు చెల్లిస్తున్నాడు.

ఐదో అడుగు: చేతిలో ఉన్నదీ లేనిదీ విడదీయండి

మనస్తత్వవేత్తలు రిచర్డ్ లాజరస్, సూసన్ ఫోక్‌మన్ 1984లో ఒత్తిడిని ఎదుర్కొనే తీరుని రెండుగా చూపించారు. సమస్యనే మార్చే ప్రయత్నం ఒకటి, సమస్య మారనప్పుడు దానివల్ల కలిగే బాధని సంభాళించుకోవడం రెండోది. రెండూ అవసరమే. తప్పు ఎక్కడ జరుగుతుందంటే, మార్చగలిగినదాన్ని తలరాత అని వదిలేసి, మార్చలేనిదానితో కుస్తీ పడతాం.

కాగితం మధ్యలో గీత గీయండి. షుగరు వచ్చిన ఆయనకి ఎడమవైపు: డాక్టరు అపాయింట్‌మెంట్, రాత్రి అన్నం కొలత, సాయంత్రం అరగంట నడక, కంటి పరీక్ష. కుడివైపు: జబ్బు వచ్చిందన్న సంగతి, వంశంలో ఉండటం, పదిమందిలో స్వీటు వద్దనడానికి పడే సిగ్గు. ఎడమవైపున్న ప్రతిదానికీ తేదీ వేయాలి. కుడివైపున్నవాటికి తేదీలుండవు, వాటికి కావాల్సింది చెప్పుకోవడానికి ఒక మనిషి.

ఆరో అడుగు: పక్క మెట్టుకి జరగండి

నిరాకరణ నుంచి తెలిసి వాయిదా వేయడానికి జరగవచ్చు. పైకి రెండూ ఒకేలా ఉంటాయి, తేడా తేదీలో ఉంది. "పెళ్లి పనులయ్యేదాకా దీని గురించి ఆలోచించను, 20వ తేదీ పొద్దున ఎనిమిదింటికి డాక్టరు దగ్గర ఉంటాను" అని క్యాలెండర్లో రాసి, ఇంకొకరికి కూడా చెప్పాలి. వెయిలెంట్ పరిశీలనలో మంచి జీవితంతో బాగా ముడిపడిన తంత్రాల్లో ఇదొకటి.

విస్థాపనం నుంచి ఉదాత్తీకరణానికి జరగవచ్చు. కోపం ఎలాగూ ఎక్కడో ఒకచోట దిగాలి, మనిషి మీద కాకుండా పని మీద దిగనివ్వండి. ఆ టీచరుగారు ఇంటికి రెండు స్టాపుల ముందే దిగి గబగబా నడిచి రావచ్చు. మర్నాడు హెడ్మాస్టరు గదిలో, అందరి ముందూ కాకుండా, "సర్, తప్పుంటే నన్ను పిలిచి చెప్పండి, స్టాఫ్ ముందు అంటే నాకు బాధ కలిగింది" అనగలిగితే కోపం పుట్టినచోటికే చేరుతుంది. అలా అనలేని ఉద్యోగాలూ ఉన్నాయి, అది పిరికితనం కాదు. కానీ కొడుకుతో "నిన్న నీ మీద అరిచింది కూర గురించి కాదురా నాన్నా, స్కూల్లో ఎవరో అన్నదానికి" అని చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఈ ఒక్క మాటతో, అమ్మ కోపానికి తానే కారణమన్న భారం పిల్లాడి మీద నుంచి దిగుతుంది.

మేధోకరణం ఉన్నవాళ్లు షీటు మానెయ్యక్కర్లేదు, దానికి ఒక గడి కలపాలి: ఈ రోజు నాకేమనిపించింది, ఒక్క మాటలో. భయం. అపరాధం. ఒంటరితనం. భావానికి పేరు పెట్టడం వల్లే దాని తీవ్రత కొంత తగ్గుతుందని మెదడు స్కానింగ్ ప్రయోగాల్లో కూడా చూశారు.

ప్రతిచర్యా నిర్మితిలో ఉన్న ఆ కోడలికి కావాల్సింది వంతు. ఆదివారం మధ్యాహ్నం నాలుగు గంటలు మొగుడో ఆడపడుచో మంచం దగ్గర కూర్చోవాలి, ఆమె ఇంట్లో ఉండకూడదు. ఇంట్లో ఉంటే లేచి వెళ్తుంది.

హాస్యం గురించి ఒక హెచ్చరిక. పై మెట్టు హాస్యం బాధని చూస్తూనే నవ్వుతుంది, ఎవరినీ గాయపరచదు. ఎదుటివాణ్ణి చిన్నబుచ్చే వెటకారం ఆ లెక్కలోకి రాదు.

ఏడో అడుగు: ఇంట్లోవాళ్ల తంత్రాలు మీరు విప్పకండి

ఇది చదవగానే భర్తలోనో అత్తగారిలోనో ఐదు తంత్రాలు కనబడతాయి. నోటితో అనకండి. "నాన్నా, నువ్వు డినయల్‌లో ఉన్నావు" అని కూతురు అంటే ఆయన గోడ ఇంకో అడుగు లేస్తుంది. "నాన్నా, శనివారం నేను కూడా రక్తపరీక్ష చేయించుకుంటున్నా. పొద్దున్నే ఏమీ తినకుండా ఇద్దరం వెళ్దాం, అయ్యాక టిఫిన్ బయట చేద్దాం" అంటే వస్తారు. భయాన్ని ఒప్పుకోమని అడక్కుండా, భయపడుతూనే చెయ్యగలిగే పని చూపించాలి.

ఎనిమిదో అడుగు: సొంతంగా కాదనిపిస్తే

రెండు వారాలకి మించి దిగులు, నిద్రలేమి, దేనిమీదా ఆసక్తి లేకపోవడం, సాయంత్రమయ్యేసరికి మద్యం లేకుండా ఉండలేకపోవడం, చచ్చిపోవాలన్న ఆలోచన, వీటిలో ఏది ఉన్నా నోటుపుస్తకం చాలదు. చచ్చిపోవాలన్న ఆలోచన ఉంటే రెండు వారాలు ఆగకండి, ఇప్పుడే ఫోన్ చెయ్యండి. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న మొదలుపెట్టిన టెలీ మానస్ నంబరు 14416. ఇరవై నాలుగు గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. ప్రాణాపాయం అనిపిస్తే 112.

ఇంకొకటి. ఇంట్లో కొడుతున్నా, నెలల తరబడి జీతం ఆపినా, అప్పులవాళ్లు బెదిరిస్తున్నా ఆ ఒత్తిడికి మందు శ్వాస వ్యాయామం కాదు. అక్కడ మారాల్సింది మీ మనసు కాదు. హింస ఎదుర్కొంటున్న మహిళలు 181కి ఫోన్ చెయ్యవచ్చు.

తొమ్మిదో అడుగు: నెల తర్వాత పుస్తకం తిరగెయ్యండి

ఎన్నిసార్లు అరిచారో లెక్కపెట్టకండి, ఆ లెక్క నిరుత్సాహపరుస్తుంది. అరిచినప్పటికీ, నాలుగో వాక్యం దొరికినప్పటికీ మధ్య ఎంతసేపు పట్టిందో చూడండి. మొదట్లో సోమవారం జరిగినదానికి గురువారం దొరుకుతుంది. కొన్నాళ్లకి అదే రాత్రి. ఇంకొన్నాళ్లకి మాట సగంలో ఉండగానే దొరుకుతుంది, అప్పుడు ఆ సగం దగ్గరే ఆగి "ఒక్క ఐదు నిమిషాలు ఆగురా, మొహం కడుక్కుని వస్తా" అనొచ్చు.